సమీక్షకు వచ్చిన పుస్తకము

పుస్తకమును కొని చదువువాడు స్వతంత్రుడు. నచ్చినచో మెచ్చుకొనును, నచ్చకున్నచో మూసి బల్లపై పెట్టును. అతనిని సంజాయిషీ అడుగువా రెవ్వరును లేరు. అదే పుస్తకము వెల లేకుండ, గ్రంథకర్త చేవ్రాలుతో, అమూల్యాభిప్రాయమును కోరుచు టపాలో వచ్చినచో సంగతి వేరు. కట్టు విప్పిన క్షణమునుండి చదువరికి ఇద్దరితో సంబంధ మేర్పడును. పుస్తకము నిచ్చిన వ్యక్తి ఒకరు. సమీక్షను నమ్మి రేపు డబ్బిచ్చి ఆ పుస్తకమును కొనబోవు వ్యక్తి మరియొకరు. ఈ ఇద్దరిలో నేనెవరికి బాకీపడి యున్నాను? గడచిన నాలుగేండ్లుగా నాకు గురువై నిలిచిన ప్రశ్న ఇదియే. మన పాఠశాల సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదక వర్గమువారు అడిగినప్పుడు, ఆ గురువు చెప్పిన పాఠములనే మీ ముందు పెట్టుట మేలని తోచినది.

మాది ఉంగుటూరు. ఏలూరునకును తాడేపల్లిగూడెమునకును నడుమ రైలుమార్గముమీది ఊరు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విడిచిన నాటినుండి బడిలో తెలుగు చెప్పుచున్నాను. కథలో, పద్యములో కావలెనన్న ఏలూరునకో విజయవాడకో పోయినప్పుడు తెచ్చుకొనుటయే నాకు అలవాటు. ఇట్లుండగా మన ప్రాంతపు మాసపత్రిక సంపాదకులొకరు, తమకు వచ్చు గ్రంథములలో కొన్నిటిని చదివి రెండేసి పుటలు వ్రాసి పంపుమని కోరిరి. పారితోషికము లేదు, పుస్తకము నాదగును. మొదటి కట్ట వచ్చిన దినమున మా ఇంటిల్లిపాదికిని పండుగయే. ఆరు పుస్తకములు! క్రొత్త కాగితపు వాసన వరండా అంతయు నిండెను.

తెలుగు పత్రికలు "సమీక్షకు రెండు ప్రతులు పంపవలెను" అని ప్రకటించుట మీరు చూచియే యుందురు. ఒక ప్రతి పత్రికాలయమున నిలుచును. రెండవది సమీక్షకునికి చేరును. ఈ రెండవ ప్రతియే నేను చెప్పబోవు సంగతులన్నిటికి మూలము. ఆ సంపాదకులు పెద్దవారు, అనుభవజ్ఞులు. మొదటి కట్టతోపాటు ఒక చీటీ పెట్టిరి. అందులో ఉన్నది ఒక్కటే మాట: "పుస్తకము అందినప్పుడు గ్రంథకర్తకు 'అందినది' అని మాత్రము వ్రాయుడు, 'బాగున్నది' అని వ్రాయకుడు." ఆ చీటీని నేటికిని నా నిఘంటువులో దాచుకొని యున్నాను. అందినదనుట మర్యాద, బాగున్నదనుట సాక్ష్యము. చదువక మునుపే సాక్ష్యము చెప్పువానిని ఏ న్యాయస్థానమును నమ్మదు గదా.

మన పూర్వపు పత్రికలు కూడ ఈ భేదమును పాటించినవి. చేరిన గ్రంథముల పేర్లను, వెలలను, దొరకుచోటును తెలుపు భాగమునకు "స్వీకారము" అని పేరు. గుణదోషములను విచారించు భాగము "విమర్శ". సమీక్ష అను పదమునకు అర్థమే చక్కగా చూచుట; చూడకుండ వ్రాసినది సమీక్ష యెట్లగును? కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో "వివేకవర్ధని"ని ప్రారంభించిరి. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి "ఆంధ్రభాషా సంజీవని"కిని దానికిని నడచిన వాదములు ప్రసిద్ధములు. పంతులుగారి "రాజశేఖర చరిత్రము" 1878లో ఆ పత్రికయందు వెలువడి 1880లో పుస్తకమైనది. దానికి "వివేకచంద్రిక" అనియు నామాంతరము కలదు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు "వివేకచంద్రికా విమర్శనము" వ్రాసి దానిని గట్టిగా ఖండించిరి. ఆ విమర్శవలన ఆ నవల చచ్చినదా? లేదు. 1887లో "ఫార్చ్యూన్స్ వీల్" అను పేర ఆంగ్లమునకు పోయినది. తెలుగు నవలలకు త్రోవచూపిన గ్రంథముగా ఈనాటికిని చదువబడుచున్నది. మంచి పుస్తకమునకు విమర్శ గాలివంటిది, నిప్పున్నచో రాజును.

మన ఏలూరులో 1945లో నెలకొన్న కళాశాలకు సర్ సి.ఆర్.రెడ్డిగారి పేరు పెట్టియున్నారు. ఆ కట్టమంచి రామలింగారెడ్డిగారే 1914లో "కవిత్వతత్త్వ విచారము" ప్రకటించి, పింగళి సూరనవంటి మహాకవి కృతినిగూడ గుణదోషములు రెండును చెప్పుచు పరిశీలించిరి. సూరన రెడ్డిగారికి ఉచిత ప్రతి పంపలేదు, ఉత్తరము వ్రాయలేదు, రైలు స్టేషనులో ఎదురుపడడు. మూడు నాలుగు వందల యేండ్లనాటి కవిని విచారించుట ఒకటి, మూడు స్టేషనుల అవతల నివసించు కవిని విచారించుట మరియొకటి. మావంటి చిన్న సమీక్షకుల కష్టమంతయు ఇందే యున్నది.

ఇక నేను నేర్చిన సంగతులు.

మొదటిది, చదువగలిగినంతే స్వీకరించుట. ఒకరి పేరు పత్రికలో రెండు మారులు కనబడినచో చాలు, ఎక్కడెక్కడినుండియో కట్టలు వచ్చును. మొదటి యేడు నాకు నలువదికి పైగా వచ్చినవి. బడి, పరీక్షపత్రములు, ఇల్లు. వీటి నడుమ నెలకు రెండింటిని మించి శ్రద్ధగా చదువుట నాకు సాధ్యము కాదని లెక్కవేసికొంటిని. తక్కినవారికి, "ఈ యేడు చదువజాలను, మీరు కోరినచో తిరిగి పంపెదను, లేనిచో మా బడి గ్రంథాలయమున నుంచెదను" అని కార్డు వ్రాసితిని. కొందరికి కోపము వచ్చెను. కాని వ్రాయుదునని ఆశపెట్టి యేడాది త్రిప్పుటకంటె, రానిదానికి రాదని మొదటనే చెప్పుట దయ.

రెండవది, ముందుమాటలను చివర చదువుట. మన తెలుగు పుస్తకములకు ఇదియొక విశేషాలంకారము. పీఠిక, తొలిపలుకు, ఆశీస్సులు, అభినందనలు, ఆత్మీయవాక్యము అని ముప్పది పుటలు గడచినపిదప గాని గ్రంథము ప్రారంభము కాదు. అందులో పెద్దలు ఇదివరకే తీర్పు చెప్పియుందురు. అది చదివి గ్రంథమున ప్రవేశించినచో, పెండ్లివారు చెప్పిన మాటలు విని పెండ్లికూతురును చూచినట్లుండును. కనుక ఆ పుటలను ఒక దారముతో కట్టి, గ్రంథమును ముగించినపిమ్మట విప్పెదను. పలుమారులు పెద్దలు మెచ్చిన పద్యము ఒకటి, నాకు నచ్చిన పద్యము మరియొకటి. అట్టి సందర్భమున రెంటిని మరల చదువుదును. ఒక్కొక్కప్పుడు పెద్దలదే సరియైన చూపు. ఒక్కొక్కప్పుడు వారు పుస్తకమును తెరువలేదని తోచును.

మూడవది, తీసికొన్నదానిని తీసికొన్నట్లు చెప్పుట. నా సమీక్షల చివర "ఈ ప్రతి గ్రంథకర్త పంపినది" అనియు, గ్రంథకర్త నాకు తెలిసినవారైనచో ఆ పరిచయమును, ఒక్క పంక్తిలో వ్రాయుచున్నాను. ఇది నా చాదస్తమని మొదట కొందరు నవ్విరి. కాని లోకమంతయు ఈ త్రోవనే పట్టుచున్నది. అమెరికా దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు 2009లో తమ నియమములను సవరించి, వస్తువును ఉచితముగా పొంది దానిని మెచ్చుకొనువారు ఆ సంగతి వెల్లడింపవలెననిరి. మన దేశమున 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు సామాజిక మాధ్యమములలో పలుకుబడి గలవారికి ఇట్టి సూచనలే యిచ్చిరి. అడుగకుండ వచ్చిన ఉచిత వస్తువును గూడ అందులో చేర్చిరి. సబ్బునకును చీరకును ఉన్న నియమము పుస్తకమునకు ఏల ఉండరాదు?

ఒకమారు ఒక గ్రంథకర్త పుస్తకముతోపాటు పండ్లబుట్టయు పట్టుగుడ్డయు పంపెను. పుస్తకము నుంచుకొని తక్కినవి తెచ్చినవానిచేతనే తిప్పి పంపితిని. మా ఇంటి పిల్లలు పండ్లవైపు చూచిన చూపు ఇంకను జ్ఞాపకమున్నది! ఆ పుస్తకము నిజముగా బాగున్నది, బాగున్నదనియే వ్రాసితిని. పండ్లు తిని వ్రాసియున్నచో ఆ మెప్పు నాకే అనుమానాస్పదమై యుండును.

నాలుగవది, తెలిసిన విషయమున సంగతులను సరిచూచుట. కొల్లేటినిగూర్చిన ఒక యాత్రాగ్రంథము నా యొద్దకు వచ్చెను. శైలి ఇంపుగా నున్నది. గూడబాతుల వర్ణన చదివినపుడు ఆటపాకలో చెట్లక్రింద నిలుచున్నట్లే యుండెను. కాని గోదావరి, కృష్ణానదులు రెండును సరాసరి సరస్సులో పడుచున్నవని గ్రంథకర్త వ్రాసెను. కొల్లేరు ఆ రెండు నదుల డెల్టాల నడుమనున్న పల్లము. దానిలోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును కాలువల మురుగునీరును చేరి, ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు పోవును. సరస్సు 2002లో అభయారణ్యమైనదనియు వ్రాసెను. అభయారణ్య ప్రకటన 1999 నాటిది. ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అందులో చేరినవి. 2002లో జరిగినది రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరుట. ఈ రెంటిని పుటల సంఖ్యలతో చూపి, వర్ణనను మనసార మెచ్చుకొంటిని. గ్రంథకర్త కృతజ్ఞతతో జాబు వ్రాసి, మిగిలిన ప్రతులలో సవరణ చీటీ అతికించెను. సంగతిలోని తప్పును చూపినచో వివేకి నొచ్చుకొనడు. హృదయములోనుండి వచ్చిన వ్రాతనుగూర్చి చెప్పవలసి వచ్చినప్పుడే చిక్కు. ఐదవ పాఠము అట్టిది. అది అన్నిటికంటె కష్టముగా నేర్చినది.

రెండేండ్ల క్రిందట వానకాలమున ఒక కవితాసంపుటి వచ్చినది. కట్టుమీది దస్తూరి చూడగానే గుర్తుపట్టితిని. ఆ గుండ్రని అక్షరములను దిద్దించినది నేనే. ఆ బాలుడు కొల్లేటి అంచు గ్రామమునుండి రోజును సైకిలుమీద బడికి వచ్చెడివాడు. తండ్రి చేపల చెరువులకు రాత్రి కాపలాదారు. ఇప్పుడు తాడేపల్లిగూడెమున ఒక బియ్యపు మిల్లులో గుమాస్తా. ఐదువందల ప్రతులు అప్పుచేసి అచ్చువేయించెను. జాబులో ఇట్లున్నది: "అమ్మగారండీ, మీరు నాలుగు మంచి మాటలు రాస్తే నా పుస్తకాలు పోతాయండి."

అరువదిరెండు కవితలు. ఆ రాత్రియే చదివితిని. మరునాడు మరల చదివితిని. వానిలో ఏడు కవితలు నిజమైనవి. చెరువుగట్టుమీది గుడిసెలో టార్చిలైటు పట్టుకొని మేలుకొన్న తండ్రి, తెల్లవారుజామున వల బరువునకు వంగిన భుజములు, మేత బస్తాలను కుట్టి చేసిన పరుపు: ఇవి మరియొకరు వ్రాయజాలరు. తక్కిన యేబదియైదింటిలో చంద్రుడు, మల్లెలు, కన్నీరు, విప్లవము అన్నియు ఉన్నవి. అతడు మాత్రము లేడు. ఎవరెవరి పుస్తకములనుండియో ఎరువు తెచ్చుకొన్న మాటలు.

సంపాదకులకు ఫోను చేసి, "ఇతడు నా శిష్యుడు, మరియొకరికి ఇండు" అంటిని. ఆయన కొంచెము సే పాలోచించి, "మన యొద్ద కవిత్వము చదువువారు మీరొక్కరే. శిష్యుడని వ్రాసి, తోచినది వ్రాయుడు, చదువువారే తూచుకొందురు" అనిరి. లండనులో 1902లో వెలసిన "టైమ్స్ లిటరరీ సప్లిమెంటు" పత్రికయందు 1974 వరకు సమీక్షలకు పేరులే యుండెడివి కావు. ఆ రాత్రి ఆ పద్ధతి నాకు మిక్కిలి సుఖముగా కనబడెను! కాని మన ప్రాంతమున పేరు దాచినంత మాత్రమున దస్తూరి దాగదు; పేరు లేని మాటకు బాధ్యతయు ఉండదు.

బల్లముందు కూర్చుండి ఇద్దరిని తలచుకొంటిని. ఒకడు నా శిష్యుడు. అతనికి అప్పు ఉన్నది. నా మాటమీద ఆశ ఉన్నది. రెండవది మన తొమ్మిదవ తరగతిలోని బాలిక వంటిది ఒకతె. సెలవులలో తల్లితో నాట్లకుపోయి దాచుకొన్న సొమ్ముతో సంవత్సరమునకు ఒక్క పుస్తకము కొనుక్కొనును. పుస్తకము వెల నూటయేబది రూపాయలు. నేను బాగున్నదన్నచో ఆమె అది కొనును. నచ్చకున్నచో తప్పు తనదే ననుకొనును, కవిత్వము తనవంటివారికి కాదనుకొనును. అబద్ధపు మెప్పువలన జరుగు పెద్ద నష్టము నాకు అప్పుడు తెలిసినది: డబ్బు పోవుట చిన్నది, తన చదువుమీద తనకు నమ్మకము పోవుట పెద్దది. శిష్యునికిని మేలు లేదు. ఆ యేబదియైదింటిని నేను మెచ్చినచో, రెండవ సంపుటిని మరల అప్పుచేసి వానితోనే నింపును; ఆ ఏడు కవితలను వ్రాసినవాడు మరి కనబడడు.

కనుక అతడు నా శిష్యుడని మొదటి పంక్తిలోనే వ్రాసితిని. ఏడు కవితలను పేరుపేరున చెప్పి, ప్రతిదాని బలమేమో విప్పి చూపితిని. తక్కినవి అతని సొంతము కావనియు, తండ్రి గుడిసెలో అతనికి దొరకిన మాటలు గ్రంథాలయమున దొరకలేదనియు వ్రాసితిని. ఎగతాళి మాట ఒక్కటియు వ్రాయలేదు. అచ్చయినపిదప నా సొమ్ముతో పది ప్రతులు కొని బడి బహుమానములకు ఉంచితిని. గురువుగా సాయపడుట వేరు, సమీక్షకురాలిగా సాక్ష్యమిచ్చుట వేరు. మొదటిదానిని డబ్బుతో చేయవచ్చును. రెండవదానిని మాటతోనే చేయవలెను. ఒకదాని బదులు మరియొకటి చెల్లదు.

అతడు జవాబు వ్రాయలేదు. సంతలో అతని తల్లి కనబడి, "మావోడి పుస్తకం గురించి అలా రాసేరేంటండమ్మా? మంచం కింద కట్టలు కట్టలు పడున్నాయండి, చెదలు పడతన్నాయండి" అని అడిగెను. ఆమెకు తృప్తి కలిగించు సమాధానము నా యొద్ద లేదు. ఆ ఏడింటిలో ఆమె భర్తనుగూర్చిన కవిత ఒకటి కలదు. దానిని నోటికి చెప్పితిని. ఆమెకు చదువు రాదు. కుమారుడు ఇంటిలో ఎన్నడును చదివి వినిపించలేదట. రెండు మారులు చెప్పించుకొని, కొంగుతో ముఖము తుడుచుకొని, మారుమాట లేక వెళ్లిపోయెను. గత సంక్రాంతికి టపాలో ఒక నోటుపుస్తకము వచ్చినది. జాబు లేదు, మొదటి పుటలో పెన్సిలుతో "చూడండి" అని మాత్రమున్నది. పదకొండు కవితలు. అందులో మల్లెలు లేవు. ఇది సమీక్షకు వచ్చినది కాదు, గురువునకు వచ్చినది. కనుక ఎర్ర సిరాతో దిద్ది పంపితిని.

మనసు కొంత తేలికపడు సంగతిని గూడ చెప్పెదను. సమీక్షకు వచ్చిన గ్రంథములను నేను అమ్మను. చదువుట ముగిసినపిదప అవి మన గ్రంథాలయపు కిటికీ ప్రక్కనున్న బీరువాలో చేరును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూరికి పుస్తకము చేరవలెనని పాటుపడిరి. ఆ మహనీయుల పనిలో మన బీరువా ఉడుత సాయము. నాకు నచ్చని పుస్తకము గూడ అందులో ఉండును. నాకు నచ్చనిది మీకు నచ్చవచ్చును. ప్రతి పుస్తకము చివర ఒక తెల్లకాగితము అతికించి యున్నాను. చదివినవారు తమ యభిప్రాయమును అందులో వ్రాయవచ్చును. నేను మెచ్చిన ఒక నవలక్రింద ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒకడు, "నలువదవ పుట తరువాత కథ కదలలేదు" అని వ్రాసినాడు. మరల తీసి చూచితిని. వాని మాటలోను న్యాయమున్నది.

విద్యార్థులారా! మీరును ఆ తెల్లకాగితముపై వ్రాయుడు. వ్రాయుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఈ పుస్తకము ఏమి చేయదలచినది? దానిని చేసినదా? చేసినదని, లేదా చేయలేదని, ఏ పుట చూపి చెప్పగలను? నా స్నేహితుడు తన సొమ్ముతో దీనిని కొనవచ్చునా? ఈ నాలుగింటికి సమాధానము లేక "అద్భుతము" అనియు వ్రాయకుడు, "దండుగ" అనియు వ్రాయకుడు. పుటను చూపలేని మెప్పును తిట్టును ఒక్క తూకమే.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలు మీరిచ్చిన పుస్తకము బాగులేదన్నచో కోపపడక, ఏల బాగులేదో అడుగుడు. ఇచ్చినవారిని నొప్పింపకుండ నిజము చెప్పుట పెద్దలకే కష్టమైన విద్య. అది ఇంటిలోనే, పుస్తకమువంటి చిన్న విషయముతోనే, అలవడవలెను. ఉచితముగా వచ్చినదానికి కృతజ్ఞత చూపుదము. వెల మాత్రము మన మాటతో చెల్లింపకుందము. ఆ మాటను నమ్మి, నాట్లలో సంపాదించిన రూపాయలను లెక్కపెట్టుకొనుచున్నవారు ఎక్కడనో ఒకరు ఉందురు.